చెరువు మీద పచ్చ తెట్టు: నరాలకు నిజంగా ప్రమాదమా?

గట్టుమీద_నడక: ఎండలు ముదిరిన దగ్గర్నుంచి మా కాలనీ చెరువు మీద పచ్చ పెయింట్ ఒలకబోసినట్టు తెట్టు కట్టింది. మా కుక్క బెల్టు లాక్కుని మరీ ఆ నీళ్ళ దగ్గరికి పోతోంది. ఈ నాచుతో నరాలు చచ్చుబడతాయని వాట్సాప్‌లో ఒకటే ఫార్వర్డ్‌లు. నిజమేనా?

బయోకెమ్_అక్క: సగం నిజం. అది సైనోబ్యాక్టీరియా అయ్యుండొచ్చు, అంటే నాచులా కనబడే ఒక రకం బ్యాక్టీరియా. అందులో అన్ని రకాలూ విషం చెయ్యవు, చేసేవాటిని కంటితో చూసి పోల్చుకోలేం, అదే చిక్కు. అవి చేసే విషాల్లో ఒకటైన అనటాక్సిన్-ఎ సంగతి చూడండి: నరం నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ కూర్చోవాల్సిన చోట ఇది కూర్చుంటుంది, ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ దీన్నేమీ చెయ్యలేదు, దాంతో కండరం ఆగకుండా కొట్టుకుని కొట్టుకుని చచ్చుబడుతుంది, ఊపిరి కండరాలతో సహా. కుక్కలైతే గంటలోపే పోయిన సందర్భాలున్నాయి. గ్వానిటాక్సిన్ అనే ఇంకో విషం ఆ ఎంజైమ్‌నే పనిచెయ్యకుండా పట్టేస్తుంది. సాక్సిటాక్సిన్ అనే మరోటి నరంలో సోడియం దారులు మూసేస్తుంది, ఇక సిగ్నలే కదలదు.

పాత_నర్సు: ఎంజైమ్‌ని పట్టేయడమంటే పురుగుమందు చేసే పనే కదమ్మా! పత్తికి మోనోక్రోటోఫాస్ కొట్టి వచ్చిన వాళ్ళని వార్డులో చూశాను. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, కంటిపాప సూదిమొనంత.

బయోకెమ్_అక్క: అవునండీ, గ్వానిటాక్సిన్ కూడా ఆ పురుగుమందు లాగే ఆర్గానోఫాస్ఫేట్ అనే రసాయనాల కోవదే.

కూకట్‌పల్లి_కుర్రాడు: మరి ఈ నాచుతో ఏఎల్ఎస్, అదే కండరాల్ని కదిలించే నరాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు, వస్తుందంటున్నారు?

బయోకెమ్_అక్క: అది బీఎంఏఏ గొడవ, సైనోబ్యాక్టీరియా చేస్తుందనే ఒక అమైనో ఆమ్లం. పసిఫిక్ సముద్రంలోని గ్వామ్ దీవిలో చమోరో జనానికి 1950ల్లో ఏఎల్ఎస్ లాంటి జబ్బు మిగతా చోట్ల కంటే 50 నుంచి 100 రెట్లు ఎక్కువ కనబడింది. వాళ్ళు సైకాడ్ అనే, తాటిలా కనబడే చెట్టు గింజల పిండి, ఆ గింజలు తినే గబ్బిలాలు తినేవాళ్ళు, సైకాడ్ వేళ్ళలో నాస్టాక్ అనే సైనోబ్యాక్టీరియా ఉంటుంది, బీఎంఏఏ దాన్నుంచే వచ్చిందని అనుమానం. ల్యాబ్‌లో బీఎంఏఏ నరాల కణాల మీద సిగ్నల్ అందుకునే గ్లుటమేట్ రిసెప్టర్లని రెచ్చగొడితే కాల్షియం లోపలికి పోటెత్తి న్యూరాన్ చస్తుంది. కానీ తిండితో ఒంట్లోకి వెళ్ళే కాస్త బీఎంఏఏ మనిషికి జబ్బు తెస్తుందని ఇంకా రుజువు కాలేదు. ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఈ ముక్క మాత్రం కత్తిరిస్తారు.

గట్టుమీద_నడక: నల్లా నీళ్ళ సంగతేంటి?

మంజీరా_మామ: హైదరాబాద్ సిటీకి నీళ్ళు ఎక్కువగా కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి శుద్ధి అయి వస్తాయి బాబూ, మీ కాలనీ చెరువు నుంచి కాదు, టెన్షన్ పడకు. కానీ చెరువు నీళ్ళని కాచి తాగితే సరిపోతుందనుకోవద్దు, మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ లోపలి విషం నీళ్ళలోకే వస్తుంది. కుక్క దిగితే ఒళ్ళు నాక్కోకముందే నల్లా నీళ్ళతో కడుగు. వణికినా, తూలినా వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తు.

కూకట్‌పల్లి_కుర్రాడు: మా అత్తయ్య స్పైరులినా మాత్రలు మింగుతోంది, అదీ ఇదే జాతి అంట!

బయోకెమ్_అక్క: అదీ సైనోబ్యాక్టీరియానే, కానీ స్పైరులినాని తొట్లలో విడిగా పెంచుతారు. భయమల్లా వేరే రకాలు కలిస్తేనే. మైక్రోసిస్టిన్ (ఆ వేరే రకాలు చేసే, కాలేయాన్ని దెబ్బతీసే విషం) టెస్ట్ రిపోర్ట్ ఉందా అని కంపెనీని అడగమను, ఇవ్వకపోతే మానేయమను.