పాలు చాలడం లేదన్న అనుమానం, చన్ను సరిగా పట్టని బిడ్డ: అనుభవాలు చెప్పగలరు

కొత్త తల్లి:
కాన్పయి పదకొండు రోజులైంది. బిడ్డ గంటకోసారి ఏడుస్తుండటంతో పాలు చాలడం లేదని ఇంట్లో అందరూ తేల్చేశారు. చనుమొనలు పగిలి నెత్తురు వస్తున్నందున నాలుగు రోజులుగా రాత్రిపూట డబ్బా పాలే పడుతున్నాము. ఇప్పుడు నిజంగానే నా పాలు తగ్గాయి. ఇలాంటి స్థితి నుంచి బయటపడినవారు ఎవరైనా ఉన్నారా?

ఇద్దరు పిల్లల తల్లి:
నా మొదటి కాన్పులో అచ్చంగా ఇదే జరిగింది. డబ్బా పాలు తాగి బిడ్డ నిద్రపోతే రొమ్ము ఖాళీ కాదు, ఖాళీ కాని రొమ్ములో పాలు ఊరడం మందగిస్తుంది, అది చూసి మనం ఇంకో సీసా కలుపుతాము. పాలు ఊరించే ప్రొలాక్టిన్ రాత్రివేళే ఎక్కువగా ఉంటుంది కనుక రాత్రి పాలను వదులుకోకండి. అలాగని నొప్పి ఓర్చుకొమ్మనేవారి మాట వినవద్దు. నా బిడ్డ చనుమొన కొనను మాత్రమే పట్టి నమిలేది. రెండో కాన్పులో ఒక నర్సు పక్కనే కూర్చొని, బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండేలా పట్టుకొని, నోరు బాగా తెరిచేదాకా ఆగి, అప్పుడు దగ్గరికి తీసుకోమంది. గడ్డం రొమ్ముకు ఆనింది, కింది పెదవి బయటికి తిరిగింది, కాసేపటికి గుటకల చప్పుడు వినిపించింది. ఆ పది నిమిషాల సాయం మొదటిసారి ఎవరూ చేయలేదు.

బాలింతల వార్డు నర్సు:
ఏడుపును బట్టి పాలను లెక్కకట్టలేము. మొదటి వారాల్లో రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. 5వ రోజు దాటాక 24 గంటల్లో కనీసం 6 సార్లు మూత్రం పోస్తూ, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరుకుంటే పాలు అందుతున్నట్లే. బిడ్డ మత్తుగా ఉన్నా, మూత్రం తగ్గినా వెంటనే వైద్యులకు చూపించాలి. బరువు చూడకుండా పైపాలు ఒక్కసారిగా మానేయవద్దు.

ఒక తండ్రి:
పాలిచ్చే పనిలో నాకు చోటు లేదనుకొని మొదట్లో నిద్రపోయేవాణ్ణి. తరువాత రాత్రిళ్లు బిడ్డను అందించడం, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం, గుడ్డలు మార్చడం నా పనులయ్యాయి. వాటికన్నా ముఖ్యమైనది, చూడవచ్చిన ప్రతివారూ "పాలు పడ్డాయా?" అని అడగకుండా గుమ్మం దగ్గరే ఆపడం.

ఉద్యోగిని:
నాకు చిక్కు వచ్చింది ఉద్యోగంలో చేరాకనే. గడియ లేని సామాన్ల గదిలో తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకొని పాలు పిండేదాన్ని. ఎవరి అడుగుల చప్పుడు విన్నా పాలు చేపేవి కావు. పాలిచ్చే విరామాలను జీతంతో కూడిన పనివేళలుగా లెక్కించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లోనే ఒప్పందం చేసిందని తరువాత తెలిసింది. గడియ బిగించమని అడగడానికే నాకు నెల పట్టింది.

కొత్త తల్లి:
రేపు బరువు చూపిస్తాము. ఈ రాత్రి నర్సుగారు చెప్పినట్లు డబ్బా పాలు మానకుండానే, ముందు రొమ్ము పట్టి చూస్తాను.