టీమ్‌లో ఐదుగురు, కోడ్ రాసేది ఒక్కరే

ప్రశ్న: మూడో ఏడాది పిల్లలకు ఈసారి ఉత్తుత్తి అసైన్‌మెంట్లు మానేసి, మా లైబ్రరీ నిజంగా వాడుకునే బుకింగ్ యాప్ చేయమన్నాను. గిట్ లాగ్ (కోడ్‌లో ఎవరు ఏం మార్చారో చూపే చిట్టా) తీసి చూస్తే దాదాపు కమిట్లన్నీ, అంటే నమోదు చేసిన మార్పులన్నీ, ఒక్క అమ్మాయివే. మిగతా నలుగురూ రీడ్‌మీలో (ప్రాజెక్ట్ గురించి చెప్పే ఫైల్) అక్షరదోషాలు దిద్దారు! మార్కులు ఎలా వేయను?

జవాబు 1: కమిట్లు లెక్కపెట్టకండి సర్. మా దగ్గర ఒకడు కామాకో కమిట్ కొట్టేవాడు. 2005లో లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాసిందే లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కోడ్) మీద చాలామంది కలిసి పనిచేయడానికి. మెయిన్ బ్రాంచ్‌కి (అందరి అసలు కోడ్‌కి) నేరుగా పుష్ చేయడం, అంటే మార్పులు పంపడం, ఆపేయండి. ఇంకొకరు రివ్యూ చేస్తేనే మెర్జ్, అంటే అందులో కలపడం.

జవాబు 2: లైబ్రేరియన్‌ని డెమోకి పిలవండి. మా డెమోలో ఆవిడ, పేరు రాసే గడి ఖాళీగా వదిలేసి బటన్ నొక్కారు, యాప్ ఢమాల్. నెల రోజులు నేను మొత్తుకున్నా రాయని టెస్టులు (కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములు) పిల్లలు ఆ సాయంత్రమే మొదలుపెట్టారు.

అడిగినవారు: మెర్జ్ రూల్ పెట్టేశాను. అప్పుడే ఒకడి మెసేజ్: "సర్, రివ్యూ అంటే ఏం చూడాలి?"