స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ 24, స్కోపస్‌లో 17: సీవీలో ఏది రాయాలి?

జింక్_ఆక్సైడ్:
నానోమెటీరియల్స్‌లో పనిచేస్తున్నాను. జింక్ ఆక్సైడ్ ఫొటోక్యాటలిస్టులు, ఈమధ్య మాక్సీన్ (పలుచని పొరల పదార్థం) సూపర్‌కెపాసిటర్లు. ప్రొఫెసర్ పోస్టుకి దరఖాస్తు పెట్టాలి. హెచ్-ఇండెక్స్ (24 అంటే కనీసం 24 సైటేషన్లు, అంటే ఇతర పేపర్లలో ప్రస్తావనలు, ఉన్న పేపర్లు 24 ఉన్నట్టు) గూగుల్ స్కాలర్‌లో 24, స్కోపస్ డేటాబేస్‌లో 17. స్కోపస్‌లో నా పేరుతో మూడు ప్రొఫైళ్లున్నాయి. మొత్తం సైటేషన్లలో మూడో వంతు ఒక్క రివ్యూ పేపర్‌దే. కమిటీ వాళ్లు దేన్ని నమ్ముతారు? ముందు దేన్ని సరిచేయాలి?

లైబ్రరీ_డెస్క్:
ముందు ఆ మూడు ప్రొఫైళ్ల సంగతి తేల్చండి, తేడాలో చాలా భాగం అక్కడే ఉండొచ్చు. మన పేర్లకు ఇది మామూలే. ఒక పేపర్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, ఇంకోదాంట్లో పూర్తిగా చివర పడుతుంది, మరోచోట 'రెడ్డి', 'రావు' ఇంటిపేరైపోతాయి. స్కోపస్ ఒక్కో రూపాన్ని ఒక్కో మనిషి అనుకోవచ్చు.

ఆథర్ సెర్చ్‌లో మూడింటినీ తెరిచి, పేపర్ల జాబితాలు ఒక్కొక్కటీ చూడండి. అదే ఇనిషియల్స్‌తో మెటీరియల్స్‌లోనే ఉన్న ఇంకొకరి పేపర్లు కలిసిపోయి ఉండొచ్చు. చూడకుండా మెర్జ్ అడిగితే అవీ మీ ఖాతాలోకి వస్తాయి, ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. మీవి కానివి తీసేయమని, మిగతావి కలపమని అభ్యర్థన పెట్టండి. అది వెంటనే అయ్యే పని కాదు, గడువుకు చాలా ముందే మొదలుపెట్టాలి. 16 అంకెల ఆర్కిడ్ ఐడీని (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) స్కోపస్‌కు జతచేసి, ఇకపై ప్రతి సబ్మిషన్‌లోనూ ఇవ్వండి.

పేపర్లు మూడుచోట్లా చీలి ఉంటే ఏ ఒక్క ప్రొఫైల్ హెచ్ కూడా మీ అసలు హెచ్ కాదు. మూడు ప్రొఫైళ్ల హెచ్‌లు 17, 6, 4 అనుకుంటే, వాటిని కూడితే వచ్చేదీ కాదు. కలిపిన జాబితా మీద మళ్లీ లెక్క కట్టాల్సిందే.

గ్రాఫీన్2004:
స్కాలర్ అంకె ఎక్కువ రావడం తప్పేమీ కాదు. అది థీసిస్‌లు, ప్రీప్రింట్లు, కాన్ఫరెన్స్ పేపర్లు అన్నిట్లోని సైటేషన్లనూ తీసుకుంటుంది. స్కోపస్ తాను ఇండెక్స్ చేసిన వాటినే చూస్తుంది. అయితే స్కాలర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్‌లో ఉంటే మీవి కాని పేపర్లు చేరిపోతాయి. దాన్ని ఆపి, ముందు మెయిల్‌లో అడిగేలా మార్చండి. ఒకే పేపర్ ప్రీప్రింట్, జర్నల్ రూపాలు విడివిడిగా ఉంటే రెండూ టిక్ చేసి మెర్జ్ కొట్టండి.

రివ్యూ గురించి మరీ కంగారు వద్దు. హెచ్ ఎలా వస్తుందో చూడండి: ఏడు పేపర్లకు సైటేషన్లు 90, 41, 22, 9, 6, 5, 2 అనుకుందాం. అయిదో పేపర్‌కు 6 ఉన్నాయి, ఆరోదానికి 5 మాత్రమే. కాబట్టి హెచ్ 5. మొదటిది 900 అయినా హెచ్ 5 దగ్గరే ఉంటుంది. రివ్యూ పెంచేది మొత్తం సైటేషన్లను, పేపర్‌కు సగటును. అందుకే సగటు రాయకండి, మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యన పడే అంకె) రాయండి. పై జాబితాలో సగటు 25, మీడియన్ 9. ఏది నిజానికి దగ్గరో చెప్పక్కర్లేదు.

మాక్సీన్ పేపర్లను పాత పేపర్లతో పోల్చడమూ అన్యాయమే. ఆ పదార్థం వెలుగులోకి వచ్చిందే 2011లో. ఇలాంటిచోట ఫీల్డ్-వెయిటెడ్ సైటేషన్ ఇంపాక్ట్ పనికొస్తుంది. అదే రంగం, అదే ఏడాది, అదే రకం పేపర్లతో పోలుస్తుంది. రివ్యూని రివ్యూలతోనే. ప్రపంచ సగటు 1. పేపర్లు తక్కువైతే మాత్రం ఒక్కటే దాన్ని ఊపేస్తుంది.

జింక్_ఆక్సైడ్:
ధన్యవాదాలు. సెల్ఫ్ సైటేషన్లు (మన పేపర్లను మనమే ఉదహరించుకున్నవి) తీసేసిన అంకె ఇవ్వాలా? ప్రపంచంలో ఎక్కువ సైటేషన్లున్న వాళ్ల '2 శాతం శాస్త్రవేత్తల జాబితా'లో ఉన్నారా అని కమిటీ అడిగితే?

లైబ్రరీ_డెస్క్:
ఇవ్వండి. స్కోపస్ సైటేషన్ ఓవర్‌వ్యూలో సెల్ఫ్ సైటేషన్లు మినహాయించే ఆప్షన్ ఉంది. రచయితలందరివీ తీసేసేది ఎంచుకోండి, ఎందుకంటే మన రంగంలో ఒకే గ్రూపు వాళ్లు ఒకరి పేపర్లు ఒకరు ఉదహరించుకోవడం ఎక్కువ.

ఆ జాబితా స్కోపస్ ప్రొఫైళ్ల నుంచే తయారవుతుంది. ప్రొఫైల్ చీలి ఉంటే అర్హత ఉన్నా పేరు రాకపోవచ్చు. మొత్తం సైటేషన్లు ఒక్కటే కాక, హెచ్, సహరచయితల సంఖ్యను బట్టి సర్దిన హెచ్‌ఎం, ఒంటరి, మొదటి, చివరి రచయితగా ఉన్న పేపర్ల సైటేషన్లు కలిపి స్కోరు కడతారు. కెరీర్ మొత్తానికి ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి, రెండు జాబితాలుంటాయి. పేరుంటే ఏ జాబితాలోనో, ఏ ఏడాదిదో రాయండి. ఒక్క ఏడాది దాన్ని కెరీర్ జాబితాలా చూపించేవాళ్లూ ఉన్నారు.

సీవీలో ఒకే వరస చాలు: హెచ్-ఇండెక్స్, స్కోపస్, సెల్ఫ్ సైటేషన్లు లేకుండా, చూసిన తేదీ. స్కాలర్ అంకె పక్కనే వేరుగా. రెండూ కలిపి ఒకే పట్టికలో వేయొద్దు.