ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కాపురానికి అనుమతి పత్రం) రాకముందే తాళాలు తీసుకుని సంతకం పెట్టమంటున్నారు, ఏం చేయాలి?

లెక్కల టీచరు, నిజాంపేట

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

బాచుపల్లి వైపు తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంటులో ఆరో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు కొన్నాం. బిల్డరు లెక్కలో 1,340 చదరపు అడుగులు. పార్కింగు, క్లబ్‌హౌసు అన్నీ కలిపి, పన్నులు కాకుండా 78 లక్షలు. అందులో 95 శాతం మేమూ బ్యాంకూ కలిసి ఇప్పటికే కట్టేశాం. అగ్రిమెంటు ప్రకారం 2023 డిసెంబరుకు ఇవ్వాలి. ఆరు నెలల అదనపు గడువు కలుపుకున్నా 2024 జూన్‌తో అయిపోయింది. ఇప్పుడు జనవరి. ఇటు అద్దె 19 వేలు, అటు బ్యాంకు వడ్డీ, రెండూ మా ఇద్దరి జీతాల్లోంచే పోతున్నాయి.

మొన్న బిల్డరు ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఫ్లాటు సిద్ధంగా ఉందట. మిగిలిన 5 శాతం, చదరపు అడుగుకు 60 రూపాయల చొప్పున కార్పస్ ఫండ్ (భవనం ఉమ్మడి నిధి), రెండేళ్ల నిర్వహణ రుసుము ముందుగానే, అన్నీ కట్టి పదిహేను రోజుల్లో స్వాధీనం చేసుకోవాలట. లేకపోతే ఆ తర్వాతి నుంచి హోల్డింగ్ ఛార్జీలు వేస్తారట. కార్పస్ 80,400, నిర్వహణ 96,480, పైన జీఎస్టీ. ఓసీ ఏదని అడిగితే, 'దరఖాస్తు చేశాం మేడమ్, వచ్చేస్తుంది, ఈలోగా మీరు ఇంటీరియర్ పని మొదలుపెట్టుకోండి' అన్నారు.

నన్ను నిద్రపోనివ్వనిది మెయిల్‌తో పాటు పంపిన స్వాధీన పత్రం. అందులో ఇలా ఉంది: 'ఫ్లాటును పూర్తిగా పరిశీలించుకున్నాను. కొలతలు, నాణ్యత, వసతుల విషయంలో నాకు పూర్తి సంతృప్తి కలిగింది. ఆలస్యానికి గానీ, మరే కారణానికి గానీ ఇకపై బిల్డరు మీద ఎలాంటి క్లెయిమూ చేయను.' దీని మీద సంతకం పెడితేనే తాళాలు ఇస్తారట.

ఇక ఆ సంతృప్తి ఎలా ఉందో చెబుతాను. పెద్ద పడకగదికి ఆనుకున్న బాత్‌రూములో బకెట్ నీళ్లు కుమ్మరించి చూశాను. నీళ్లు నాని ట్రాప్ (నీళ్లు బయటికి పోయే జాలీ రంధ్రం) వైపు పోకుండా నిదానంగా తలుపు వైపు వచ్చాయి. గడప దగ్గర మడుగు కట్టి అక్కడే నిలిచిపోయాయి. పక్కనున్న సూపర్‌వైజరు తుడుపుకర్ర తెచ్చి, 'వాడుకలోకి వస్తే సర్దుకుంటుంది మేడమ్' అన్నాడు. గచ్చు వాటం వాడుకతో ఎలా సర్దుకుంటుంది? హాలులో ఎనిమిది పలకలు డొల్లగా మోగుతున్నాయి. నీటి పైపులు వెళ్లే షాఫ్టు వైపు గోడ మీద చెయ్యి పెడితే చెమ్మ. రంగు కింద లప్పం ఉబ్బి, గోటితో గీస్తే పొడిలా రాలుతోంది. ప్లానులో 11 అడుగులున్న పడకగది వెడల్పు టేపు పెట్టి కొలిస్తే 10 అడుగుల 8 అంగుళాలు వచ్చింది. రెండు లిఫ్టుల్లో ఒకటే నడుస్తోంది. క్లబ్‌హౌసులో ఇప్పటికీ వాళ్ల అమ్మకాల ఆఫీసే ఉంది.

మా అత్తగారు మాఘంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించారు. మా వారు, 'సంతకం పెట్టేద్దాం, లోపలికి వెళ్లాక చూసుకుందాం' అంటున్నారు. నాకు చెయ్యి రావడం లేదు. ఓసీ లేకుండా తీసుకోవచ్చా? ఆ పత్రం మీద సంతకం పెడితే నిజంగానే అన్ని హక్కులూ పోతాయా?

కొంపల్లి నివాసి

టీచరు గారూ, సంతకం పెట్టకండి. మిగతాది తర్వాత చదవండి, ముందు ఇది మనసులో పెట్టుకోండి.

మా అపార్ట్‌మెంటులో నేను అసోసియేషన్ కార్యదర్శిని. మేమందరం ఓసీ లేకుండానే దిగినవాళ్లం. తర్వాత తెలిసింది, బిల్డరు సెల్లారులో పార్కింగు స్థలం కొంత గోడలు కట్టి గదులుగా మార్చాడని, అందుకే ఓసీ ఆగిందని. అనుమతి పొందిన ప్లానుకూ కట్టినదానికీ తేడా ఉంటే ఓసీ ఆగిపోవచ్చు. 'దరఖాస్తు చేశాం' అనే మాటకు అర్థం లేదు. దరఖాస్తు నంబరు, తేదీ రాతపూర్వకంగా అడగండి. తొమ్మిదంతస్తులంటే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కూడా ఉండాలి, అదీ అడగండి.

2012 నాటి భవన నిర్మాణ నియమాలు, అంటే జీవో 168, ఓసీ లేని భవనానికి నీటి, విద్యుత్ కనెక్షన్లు మామూలుగా ఇవ్వకూడదంటాయి. ఇస్తే ఓసీ వచ్చేదాకా మూడు రెట్ల చార్జీ వసూలు చేయవచ్చు. ఆ భారం మోసేది బిల్డరు కాదు, లోపల కాపురముండే మనమే. మాకు వేసవిలో ట్యాంకర్ల ఖర్చు వేరే.

ఇంకొకటి. అనుమతి ఇచ్చేటప్పుడే బిల్టప్ ఏరియాలో (కట్టే మొత్తం విస్తీర్ణంలో) 10 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థ తన పేరిట తనఖా పెట్టించుకుంటుంది. ఓసీ వచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. మీ ఫ్లాటు ఆ తనఖా ఫ్లాట్లలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం) తీసి చూడండి. మా దగ్గర రెండు కుటుంబాలకు ఈ సంగతి ఇల్లు అమ్ముకుందామని వెళ్లినప్పుడు తెలిసింది. పాపం, ఆ పెద్దాయన పిల్ల పెళ్లికని బేరం కుదుర్చుకున్నాడు.

మియాపూర్ వాసి

అందరూ భయపెడుతున్నారు గానీ మేం ఓసీకి ముందే దిగాం, ఆ తర్వాత వచ్చింది, ఏ ఇబ్బందీ లేదు. అద్దె, వడ్డీ రెండూ కట్టడం మామూలు కష్టం కాదు. బిల్డరుతో మంచిగా ఉంటే పనులు చేయించుకోవచ్చు.

సైటు ఇంజినీరు

మియాపూర్ వారికి ఓసీ వచ్చింది, సంతోషం. అందరికీ వస్తుందని చెప్పలేం కదా. నేను ఇలాంటి భవనాల పనిలోనే ఉన్నాను కాబట్టి నాణ్యత సంగతి చెబుతాను.

బాత్‌రూము వాటం వాడుకతో సర్దుకోదు. పలకలు లేపి, కింద మళ్లీ వాటం ఇచ్చి వేయాల్సిందే. లేపినప్పుడు వాటర్‌ప్రూఫింగ్ పొర దెబ్బతింటుంది, కాబట్టి దాన్నీ మళ్లీ చేయించాలి. చేశాక నాని ట్రాప్‌కు గుడ్డ బిగించి, ఒకటి రెండు అంగుళాల ఎత్తున నీళ్లు నింపి 24 గంటలు వదిలేయండి. మర్నాడు కింద ఐదో అంతస్తులోకి వెళ్లి, ఆ బాత్‌రూము పైకప్పు చూడండి. కింది ఫ్లాటులో ఫాల్స్ సీలింగు వేయకముందే ఈ పరీక్ష జరగాలి, వేశాక ఏమీ కనబడదు.

షాఫ్టు గోడ చెమ్మ చాలావరకు లోపలి పైపుల జాయింటు నుంచే వస్తుంది. లప్పం గీకి మళ్లీ రంగు వేస్తామంటే ఒప్పుకోకండి. ఒక వానాకాలానికి మళ్లీ ఉబ్బుతుంది. ముందు షాఫ్టులో లీకు పట్టుకోవాలి, గోడ ఆరాలి, ఆ తర్వాతే లప్పం. డొల్ల పలకల కింద సిమెంటు పూర్తిగా పట్టలేదు. బరువైన బీరువా కాలు పడితే పగులుతాయి. చాక్‌పీసుతో గుర్తుపెట్టి ఫొటో తీయండి.

గోడ పైభాగాన, బీము కింద అడ్డంగా సన్నని పగులు ఉందేమో చూడండి. తేలిక బ్లాకులతో కట్టిన గోడకూ కాంక్రీటు బీముకూ మధ్య జాలీ వేయకుండా ప్లాస్టరింగ్ చేస్తే అలా వస్తుంది, బాగుచేయవచ్చు. బీము మీదో స్తంభం మీదో ఏటవాలుగా పగులు కనబడితే మాత్రం మేస్త్రీ మాట వినకండి, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. ప్రతి ప్లగ్గులోనూ ఎర్తింగ్ ఉందో లేదో సాకెట్ టెస్టరుతో చూసుకోండి. అది కొన్ని వందల రూపాయల పరికరం.

అన్నింటికన్నా ముఖ్యం, ఇవన్నీ తేలకుండా ఇంటీరియర్ పని మొదలుపెట్టకండి. మీ వడ్రంగి లోపల అడుగుపెట్టిన రోజు నుంచి ప్రతి పగులుకూ ప్రతి లీకుకూ బిల్డరు వాళ్లు ఆయన్నే చూపిస్తారు. ఈ మాట మా వాళ్లు అనగా నేను చెవులారా విన్నాను.

నార్సింగి రెరా కేసు

చట్టం సంగతి నేను చెబుతాను, ఏళ్లుగా దీనితోనే బతుకుతున్నాను.

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 19వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు స్వాధీనం తీసుకోవాల్సిన గడువు ఓసీ ఇచ్చిన తర్వాత రెండు నెలలు. ఓసీయే లేనప్పుడు పదిహేను రోజుల గడువు, హోల్డింగ్ ఛార్జీలు ఎక్కడివి? 14వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకున్నాక ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం చూపిస్తే, 30 రోజుల్లో తన ఖర్చుతో బాగుచేయాల్సింది బిల్డరే. ఆలస్యానికి 18వ సెక్షన్ ఉంది: ఇల్లు వద్దంటే వడ్డీతో సహా డబ్బు వాపసు, కావాలంటే స్వాధీనం ఇచ్చేదాకా ప్రతి నెలకూ వడ్డీ. తెలంగాణ నియమాల్లో ఆ వడ్డీ ఎస్‌బీఐ గరిష్ఠ ఎంసీఎల్‌ఆర్‌కు (బ్యాంకు అప్పుల ప్రామాణిక వడ్డీ రేటుకు) 2 శాతం కలిపి. రెరాలో గడువు పొడిగించుకున్నామని బిల్డరు చూపిస్తాడు. 2017 డిసెంబరులో నీల్‌కమల్ రియల్టర్స్ కేసులో బాంబే హైకోర్టు, ఆలస్యాన్ని అగ్రిమెంటులోని తేదీ నుంచే లెక్కించాలని చెప్పింది.

మీరు సంతకం పెట్టినంత మాత్రాన అన్నీ పోతాయని కాదు. ఏకపక్ష షరతులు కొనుగోలుదారును కట్టిపడేయలేవని 2019లో పయొనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ కాగితం ఉంటే వాదించే భారం మీ నెత్తిన పడుతుంది. అది లేకుండా ఉంచుకోవడమే మేలు.

ఒక నిజం కూడా చెప్పాలి. నాకు రెరాలో అనుకూలంగా ఉత్తర్వు వచ్చింది. డబ్బు ఇంకా రాలేదు. కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయాలని 40వ సెక్షన్ చెబుతుంది, అది కలెక్టరు ఆఫీసు మీదుగా జరగాలి, అక్కడ ఫైలు కదలడానికి చాలా కాలం పడుతుంది. కాబట్టి మీ చేతిలో ఉన్న ఆ చివరి 5 శాతాన్ని తేలిగ్గా వదులుకోకండి. ఊరికే ఆపితే ఎగవేతదారు అంటారు. 'ఓసీ ప్రతి అందిన వెంటనే కడతాను' అని మెయిల్‌లో రాసి ఆపండి. బ్యాంకుకూ అదే మెయిల్ పంపండి, మిమ్మల్ని అడగకుండా చివరి వాయిదా విడుదల చేయకుండా ఉంటారు.

లెక్కల టీచరు, నిజాంపేట

అందరికీ చేతులెత్తి దండం. మియాపూర్ వారికి కూడా, మా ఇంట్లో సగం మంది మనసులో ఉన్న మాట మీరు చెప్పారు.

నార్సింగి వారు చెప్పిన వడ్డీని లెక్కవేశాను. మా అగ్రిమెంటులో ఆలస్యానికి బిల్డరు చదరపు అడుగుకు నెలకు 5 రూపాయలిస్తానన్నాడు, అంటే 6,700. మేం ఒక వాయిదా ఆలస్యం చేస్తే మాత్రం ఏడాదికి 18 శాతం. ఎంసీఎల్‌ఆర్ మారుతుంది కాబట్టి మొత్తం వడ్డీ 11 శాతం అనుకున్నా, మేం కట్టిన 74.1 లక్షల మీద నెలకు 67,925 వస్తుంది. పది రెట్లు! ఆ సంతృప్తి పత్రంలో 'ఆలస్యానికి గానీ' అనే మాట ఎందుకు ఇరికించారో ఇప్పుడు అర్థమైంది. నేను కాగితం మీద వేసి చూపించాక మా వారు సంతకం మాట మళ్లీ ఎత్తలేదు. ముహూర్తం సంగతి అత్తగారితో ఆయనే మాట్లాడతానన్నారు.

ఈసీ తీశాను. తనఖాలో మా ఫ్లాటు లేదు. రెండో అంతస్తు ఫ్లాట్లున్నాయి. వాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో!

ఇంకొక్క సందేహం. తాళాలు కూడా అసలు తీసుకోకూడదా? మరమ్మతులు చేయించుకోవడానికి లోపలికి వెళ్లాలి కదా.

కొంపల్లి నివాసి

తాళం తీసుకోవడం వేరు, స్వాధీనం వేరు, సంతృప్తి వేరు. మరమ్మతులు చూసుకోవడానికి మాత్రమే తాళం ఇమ్మని అడగండి. ఇస్తే, 'ఇది స్వాధీనం కాదు, ఓసీ రాలేదు, ఈ కింది లోపాలున్నాయి' అని రాసి, జాబితా జతచేసి, వాళ్ల ఆఫీసు ముద్రతో అందినట్లు తీసుకోండి. వాళ్లు ముద్ర వేయబోమంటే అదే రోజు మెయిల్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ పంపండి. ఫోనులో ఏం మాట్లాడినా సాయంత్రానికల్లా 'ఈరోజు మీరు ఇలా చెప్పారు' అని మెయిల్ చేయండి. వాళ్లు ఫోనులో చెప్పేది ఒకటి, రాసేది ఒకటి.

రెండో అంతస్తు వాళ్లకు ఈరోజే చెప్పండి. వాళ్లు మీతో కలుస్తారు. సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయ్యాక మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పాటయ్యేలా చూడాల్సింది బిల్డరే, స్థానిక చట్టంలో వేరే నిబంధన లేకపోతే. అది ఎందుకు ఏర్పడలేదో కూడా అదే ఉత్తరంలో అడగండి. ఒక్కరు రాస్తే కస్టమర్ విభాగం జవాబిస్తుంది, ముప్పై మంది సంతకాలతో వెళితే యజమానే కూర్చోబెట్టి మాట్లాడతాడు. మా దగ్గర రెండో లిఫ్టు అలాగే వచ్చింది.

సైటు ఇంజినీరు

టీచరు గారూ, వెడల్పు నాలుగు అంగుళాలు తగ్గిందన్నారు. కొలిచింది ప్లాస్టరింగ్ అయిన గోడల మధ్యనా, ప్లానులో ఇచ్చింది ఇటుక నుంచి ఇటుకకా అన్నది చూడండి. రెండు వైపులా ప్లాస్టరింగ్ మందం పోతే ఒకటి ఒకటిన్నర అంగుళం తగ్గడం సహజం, నాలుగు అంగుళాలు కాదు. రెరాలో కార్పెట్ ఏరియా అంటే లోపలి అడ్డుగోడలు కలుస్తాయి, బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ కలవవు. ఆ పద్ధతిలో అన్ని గదులూ కొలిచి మొత్తం తేల్చండి. అగ్రిమెంటులోని కార్పెట్ ఏరియాకన్నా తక్కువ వస్తే ఆ మేరకు డబ్బు వెనక్కి అడగవచ్చు. కొలిచేటప్పుడు వాళ్ల సూపర్‌వైజరును పక్కనే నిలబెట్టి, కాగితం మీద ఆయన చేత కూడా సంతకం చేయించండి.