గోల్డెన్ బ్యారెల్ కాక్టస్ పూయాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: కొన్నేళ్లుగా కుండీలో పెంచుతున్న మా గోల్డెన్ బ్యారెల్ కాక్టస్ ఆరోగ్యంగానే ఉన్నా, అరచేతి వెడల్పు దాటలేదు, ఒక్క మొగ్గా తొడగలేదు. ఎరువు పెంచితే పూస్తుందా?

మొదటి సమాధానం: ఎరువుతో తొందరపెట్టి ప్రయోజనం లేదండీ. ఈ జాతి సాధారణంగా 35 నుంచి 40 సెంటీమీటర్ల అడ్డుకొలతకు చేరాక, అంటే విత్తనం నాటిన సుమారు 15-20 ఏళ్లకు గాని పూయదు. కుండీలో, ఎండ చాలని చోట అది ఇంకా ఆలస్యమవుతుంది. నత్రజని ఎక్కువైతే కాండం మెత్తబడి ఉబ్బుతుందే తప్ప మొగ్గ రాదు. పెరిగే కాలంలో పొటాష్ పాళ్లు ఎక్కువగా ఉన్న ఎరువును పలుచగా కలిపి పోస్తే చాలు.

రెండో సమాధానం: పూల కోసమే అయితే, దీనితోపాటు రెబ్యూషియానో మామిల్లేరియానో (ఇవీ చిన్న రకం కాక్టస్‌లే) పెంచమంటాను. చలికాలంలో నీళ్లు దాదాపు ఆపేసి, వెలుతురు తగ్గకుండా, 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉంచితే ఇవి వసంతంలో బాగా పూస్తాయి. మామిల్లేరియాలో నిరుటి పెరుగుదల మీద, బొడిపెల సందుల్లోంచి మొగ్గలు వలయంగా తొంగిచూస్తాయి. వాటిని కొత్త ముళ్లని పొరబడేవారూ ఉన్నారు. మొగ్గ కనిపించాక కుండీ చోటు మార్చకపోవడం మంచిది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. రెబ్యూషియా విత్తనం నుంచి పూతకు ఎంతకాలం పడుతుంది?

రెండో సమాధానకర్త: అనుకూలిస్తే రెండు మూడేళ్లు.