అప్‌డేట్: స్ప్లిట్ నుంచి యాట్‌లో వారం రోజులు తిరిగొచ్చాం

క్రొయేషియాలో స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ దాకా వారంలో యాట్ మీద వెళ్లగలమా అని అడిగాను కదా. అంత దూరం వద్దు, స్ప్లిట్‌కే తిరిగొచ్చేలా వేసుకోమని చాలామంది చెప్పారు. అలాగే చేశాం. బ్రాచ్, హ్వార్, విస్ దీవులు, అంతే. మీ అందరికీ చాలా థాంక్స్.

నాలుగో రోజు ఆగ్నేయం నుంచి యూగో అనే గాలి లేచింది. విస్‌లోని కోమిజా రేవులో రెండు రాత్రులు ఆగిపోయాం. పక్కనే ఉన్న బిషెవో దీవిలోని నీలి గుహ కూడా మూసేశారు. డుబ్రోవ్నిక్ ప్లాన్ పెట్టుకుని ఉంటే ఎంత టెన్షన్ పడేవాళ్లమో! ఆరో రోజు పొద్దున అలలు తగ్గాయి. గుహలోకి యాట్ పట్టదు, చిన్న పడవలోనే తీసుకెళ్తారు. ద్వారం దగ్గర అందరం తలలు వంచాం. నీళ్ల కింద నుంచి వెలుతురు వస్తోంది. అమ్మ చెయ్యి ముంచితే వెండి పూత పూసినట్టు మెరిసింది. తీసేయడానికి ఆమెకు మనసొప్పలేదు. పదకొండు, పన్నెండు మధ్య వెళ్లండి, వెలుగు అప్పుడే బాగుంటుంది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: గట్టి సూట్‌కేసులు వద్దు, పడవలో పెట్టడానికి చోటుండదు. మడతపెట్టే బ్యాగులు తీసుకెళ్లండి. మన పాస్‌పోర్టుకు షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఒకటే వీసా) కావాలి, 2023 నుంచి క్రొయేషియా అందులోనే ఉంది.