చందా డబ్బుతో ఇంగ్లీషు పుస్తకాలు కొందామా, తెలుగులో మనమే రాసుకుందామా?

రుషికొండ_రౌతు:
తొమ్మిది మందిమి తలా మూడు వేలు వేసుకుంటే పోగైన 27,000 నా దగ్గరే ఉంది. గుర్రాల పుస్తకాలు కొని ఒకచోట పెట్టుకుందామనే కదా అనుకున్నాం. ఏ పుస్తకాలు అన్న దగ్గర వాట్సాప్‌లో మాటామాటా పెరిగింది. అక్కడ రాసింది అరగంటలో పైకెళ్లిపోతోంది కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. తీరిగ్గా తిట్టుకుందాం.

నేను ఇంగ్లీషు పుస్తకాల పక్షం. జబ్బుల మీద ఒక పెద్దది, గిట్టల మీద ఒకటి, మేత మీద ఒకటి. ఈ మూడింటికే డబ్బు దాదాపు అయిపోతుంది, తెలుసు. అయినా ఎందుకంటున్నానంటే, పోయిన ఆగస్టులో మా గౌరికి రాత్రి ఒంటిగంటకు కడుపునొప్పి. ముందుకాలితో నేల గీకడం, మెడ తిప్పి డొక్క చూసుకోవడం, పడి దొర్లడం. డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట "నాడి ఎంతుంది?" నాలుగేళ్లుగా గుర్రాన్ని పెంచుతున్న నాకు నాడి ఎక్కడ చూడాలో తెలీదు. దవడ ఎముక కింద వేళ్లు పెట్టి చూడమని ఆయనే ఫోన్లో నేర్పారు. ఊరికే నిలబడ్డ పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. గౌరికి 64 ఉంది. ఆయన వచ్చి గొట్టం వేశారు, బతికింది. 28, 44 అన్న ఆ రెండు అంకెలూ ఏ ఇంగ్లీషు పుస్తకంలోనైనా మొదటి పేజీల్లోనే ఉంటాయి. నేను చదవలేదు, అంతే.

బీచిరోడ్డు_పాతకాపు:
నేను నోటితో చెప్తాను, ఫోనే రాసుకుంటాది. తప్పులుంటే సర్దుకోండి.

బాబుగారూ, ఆ రాత్రి గౌరి పక్కనున్నది ఎవరు? మీ సాయీసు కుర్రాడు. మిమ్మల్ని లేపింది ఆడే. ఆడు చదివింది మూడో తరగతి. మీ అలమరాలో ఇంగ్లీషు పుస్తకం ఆడికి ఏటి చెప్తాది? మీకు అర్థమైంది ఆడికి చెప్దామన్నా మీరు పొద్దున్న ఆఫీసుకి పోతారు, గుర్రం రోజంతా ఆడి చేతిలో ఉంటాది.

ఇంకోటి. ఆ పుస్తకాలు మంచు పడే ఊళ్ల వాళ్లు రాసుకున్నవి. గుర్రానికి దుప్పటి ఎలా కప్పాలో పది పేజీలుంటాది. మన మే నెల ఉక్కలో గుర్రానికి చెమట పట్టడం ఆగిపోతే ఏం చెయ్యాలో ఉంటాదా? మా నాన్న ముప్పై ఏళ్లు బీచిలో గుర్రాలు తిప్పాడు. సంతకం కూడా రాదు. గుర్రం నడక చూసి ఏ కాలో చెప్పేసేవోడు.

ఉలవగుగ్గిళ్లు:
పుస్తకాలు మీరు చదువుతారు, గుర్రం దాణా తింటుంది. ఆ 27,000కి తొమ్మిది థర్మామీటర్లు, తొమ్మిది స్టెతస్కోపులు కొనేయండి, మిగిలింది ఉలవలకి. గుడ్డి గుర్రాల పళ్లు తోమడం మానండి.

గరివిడి_మూడో_ఏడు:
నమస్కారం. నేను గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాను. ఇంకా డాక్టర్ని కాను, నా మాట పట్టుకుని ఎవరూ మందు వెయ్యొద్దు.

ముందు డబ్బు సంగతి. జబ్బుల పెద్ద పుస్తకం కొనక్కర్లేదు. మెర్క్ వెటర్నరీ మాన్యువల్ మొత్తం నెట్‌లో ఉచితం. పెంచేవాళ్ల కోసం తేలిక మాటల్లో రాసిన భాగం వేరే ఉంది, గుర్రాలకు విడిగా. ఎండ దేశాల్లో పనిచేసే గుర్రాలూ గాడిదలూ కావాలంటే బ్రూక్ సంస్థ రాతలు చూడండి. 1934లో కైరోలో బండి గుర్రాల ఆసుపత్రిగా మొదలైన సంస్థ అది. మంచు దేశపు దుప్పట్లు అందులో కనబడవు. మన దేశంలో గుర్రాల పరిశోధనకు హిసార్‌లో 1985 నుంచి జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది.

పాతకాపు బాబాయ్, చెమట ఆగిపోవడం పుస్తకాల్లో ఉంది. అన్‌హైడ్రోసిస్ అంటారు. ఇంగ్లండ్ నుంచి మన దేశం లాంటి ఉక్క దేశాలకు తెచ్చిన గుర్రాలను చూసే దాని గురించి రాశారు. నీడ, గాలి, ఒంటి మీద చన్నీళ్లు, పని తెల్లవారుజామునే ముగించడం. మీ నాన్నగారూ ఇదే చేసుంటారు.

ఇప్పుడు సాయీసుల వైపు. రుషికొండ అన్నయ్యా, డాక్టరు వచ్చేలోపు గౌరికి నోట్లో ఏమైనా పోశారా?

రుషికొండ_రౌతు:
కుర్రాడు వాము, ఇంగువ నూనెలో కాచి సీసాతో పోశాడు. సగం బయటికే వచ్చేసింది.

గరివిడి_మూడో_ఏడు:
ఆ బయటికి రాని సగం గురించే నా భయం. తల పైకెత్తి సీసాతో నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. కడుపునొప్పి తగ్గిన గుర్రం వారానికి న్యుమోనియాతో పోవచ్చు. డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసేది అందుకే. ఇంకో కారణం కూడా ఉంది. గుర్రానికి వాంతి రాదు. లోపల గ్యాసూ నీళ్లూ నిండితే బయటికి దారి ఆ గొట్టం ఒక్కటే, లేకపోతే కడుపు పగులుతుంది. కడుపునొప్పి వచ్చిన గుర్రాన్ని గంటల తరబడి తిప్పడం కూడా తప్పే. దొర్లకుండా కాసేపు నడిపించొచ్చు, రాత్రంతా తిప్పితే ఉన్న ఓపిక పోతుంది.

ఇది ప్రతి లాయంలోనూ జరుగుతోంది. ఇంగ్లీషు పుస్తకం కొన్నా జరుగుతుంది.

ఆనందపురం_ఫారం:
మధ్యలో ఒక చిన్న ప్రశ్న. నాకు కోళ్ల ఫారం ఉంది. మిగిలిన కోళ్ల దాణా అప్పుడప్పుడు గుర్రానికి వేస్తున్నాను. వృథా ఎందుకని. తప్పా?

గరివిడి_మూడో_ఏడు:
ఇప్పుడే ఆపండి. ఇవాళ సాయంత్రం మేత నుంచే. కోళ్ల దాణాలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, కాక్సిడియా అనే పేగుల జబ్బు రాకుండా. కోడికి మందు, గుర్రానికి విషం. చాలా కొద్దిగా పడినా గుండె కండరం దెబ్బతింటుంది, విరుగుడు లేదు. బస్తా మీద రాసి ఉందేమో చూడండి, రాసి లేకపోయినా పెట్టొద్దు.

ఆనందపురం_ఫారం:
చూశాను. రాసి ఉంది. చేతులు వణుకుతున్నాయి. గుర్రం బాగానే ఉంది, రేపు గుండె చూపిస్తాను. నా ఓటు ఏ పుస్తకానికైనా సరే, ముందు ఈ ముక్క తెలుగులో లాయం గోడ మీద రాయించండి.

ద్వారకానగర్_పాఠకుడు:
నేను గుర్రం లేని గుర్రాభిమానిని, చందా వేశాను కాబట్టి మాట్లాడతాను. తెలుగులో గుర్రాల పుస్తకం లేదన్నట్టు అందరూ రాస్తున్నారు. మనుమంచి భట్టు అనే పాతకాలపు కవి హయలక్షణ విలాసం అని పద్యాల్లో రాసి పెట్టాడు. శాలిహోత్రుడి పేరు మీదా, నకులుడి పేరు మీదా సంస్కృతంలో అశ్వశాస్త్రాలు ఉండనే ఉన్నాయి. తంజావూరు సరస్వతీ మహల్ వాళ్లు నకులుడిది అచ్చు కూడా వేశారు. వాటిని తేలిక వచనంలోకి మారిస్తే మన పుస్తకం మనకుంటుంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని నేనే రాస్తాను, పైసా అక్కర్లేదు.

బీచిరోడ్డు_పాతకాపు:
ఆ శాస్త్రాల్లో గుర్రం ఒంటి మీద వెంట్రుకల సుడులుంటాయా?

ద్వారకానగర్_పాఠకుడు:
ఉంటాయి. ఆ తరహా గ్రంథాల్లో సుడులకు, రంగులకు పెద్దపీట. ఎక్కడ సుడి ఉంటే యజమానికి ఏం జరుగుతుందో చెప్తారు.

బీచిరోడ్డు_పాతకాపు:
అయితే రాయకండి బాబూ. మా దగ్గర ఒక ఆడగుర్రం ఉండేది. దానంత నెమ్మది మళ్లీ నేను చూళ్లేదు. చంటిపిల్లలు ఎక్కితే అడుగు లెక్కపెట్టుకుని నడిచేది. అమ్మేద్దామని నాలుగుసార్లు బేరానికి పెట్టాం. వచ్చినవోడల్లా గిట్ట చూళ్లేదు, పళ్లు చూళ్లేదు, సుడి చూసి వెళ్లిపోయాడు. చివరికి పెళ్లిళ్లోడు సగం ధరకి పట్టుకుపోయాడు. ఆ రాత పుస్తకంలో ఎక్కితే ఇంకో వందేళ్లు బతుకుతాది.

రుషికొండ_రౌతు:
పాఠకుడుగారూ, ఇందులో నేను పాతకాపు పక్షం. ఇంగ్లీషులో చదివిన ఒక పాత సంగతి. గ్రీకు దేశపు జెనొఫన్ దగ్గర దగ్గర 2,400 ఏళ్ల కిందట గుర్రం కొనడం గురించి రాస్తూ ముందు గిట్టలు చూడమన్నాడు. పునాది బాగాలేని ఇల్లు ఎంత అందంగా ఉన్నా ఏం లాభం అన్నాడు. పాతది కావడం తప్పు కాదు, ఎక్కడ చూడమంటుందన్నదే లెక్క.

ద్వారకానగర్_పాఠకుడు:
ఆ పద్యాల్లోనూ గిట్టల లక్షణాలుంటాయి, వయసు పళ్లను బట్టి చెప్పడమూ ఉంటుంది. సుడుల భాగం వదిలేసి మిగతాది తీసుకోవచ్చు. ఒక్క సుడి కోసం మొత్తం ఊడ్చెయ్యకండి. సరే, నా పని నేను చేసుకుంటాను, చందా లెక్కలోకి తేను.

గరివిడి_మూడో_ఏడు:
మేత దగ్గరికి రండి, అసలు గొడవ అక్కడుంది. మీలో ఎంతమంది తవుడు ఎక్కువ పెడుతున్నారు? సూపర్ నేపియర్ గడ్డి ఎంతమంది?

బీచిరోడ్డు_పాతకాపు:
తవుడు పెట్టనివోడు ఎవడు? ఉలవల ధర చూశావా గుంటడా. తవుడు, వరిగడ్డి, దొరికిన రోజు గరిక. మా నాన్న గుర్రం ఒకటి ఇరవయ్యారేళ్లు బతికింది తవుడు మీద.

గరివిడి_మూడో_ఏడు:
గరిక ఉంది చూడండి బాబాయ్, అదే కాపాడి ఉంటుంది. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం తక్కువ. నేపియర్‌లో ఆక్సలేట్ ఉంటుంది, ఉన్న కాస్త కాల్షియాన్ని కూడా పట్టేస్తుంది. ఆవు పొట్ట దాన్ని కొంత సర్దుకుంటుంది, గుర్రానికి ఆ వీలు తక్కువ. రక్తంలో కాల్షియం తగ్గితే ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది. ముఖం ఎముకలు ఉబ్బుతాయి, నమలలేదు, కాళ్లు మార్చి మార్చి కుంటుతుంది. పిండిమరల దగ్గర తవుడు తిని పెరిగిన గుర్రాలకు వచ్చేదని ఇంగ్లీషులో దానికి మరవాడి జబ్బు అని కూడా పేరు. 350 కిలోల మన నాటు గుర్రానికి రోజుకు ఐదు నుంచి ఏడు కిలోల ఎండుమేత పడాలి, అదీ మంచి గడ్డి. తవుడు దాని మీద గుప్పెడే.

బీచిరోడ్డు_పాతకాపు:
ముఖం రెండు పక్కలా ఉబ్బుతాదా? కళ్ల కింద?

గరివిడి_మూడో_ఏడు:
అవును. రెండు పక్కలా, కళ్ల కింద నుంచి దవడ దాకా. గట్టిగా ఉంటుంది, నొక్కితే లోపలికి పోదు.

బీచిరోడ్డు_పాతకాపు:
మా గుర్రం చుక్కకి అదే వచ్చింది. దిష్టనుకున్నాం. నిమ్మకాయలు కట్టాం, సింహాచలం మొక్కుకున్నాం. గడ్డి నోట్లో పెట్టుకుని వదిలేసేది, నాన్న తవుడు ఇంకాస్త కలిపి మెత్తగా చేసి పెట్టేవోడు. మెత్తగా ఉంటే తింటాదని.

ఉలవగుగ్గిళ్లు:
అన్నా.

బీచిరోడ్డు_పాతకాపు:
పోనీలే. నాన్నకి ఎవడు చెప్పాడు గనక.

నా మాట ఇది. పుస్తకం అక్కర్లేదని నేను ఇక అనను. కానీ ఇంగ్లీషు వద్దు. తెలుగులో రాయండి, దాన్ని ఒకరు గొంతుతో చదివి పెట్టండి, ఒక్కో సంగతి రెండు నిమిషాలకి మించకుండా. సాయీసు కుర్రాళ్లందరి దగ్గరా ఫోనుంది. నూనె పొయ్యొద్దు, కోళ్ల దాణా వద్దు, తవుడు గుప్పెడు, నాడి ఎక్కడ చూడాల. బొమ్మలు కూడా వెయ్యండి.

గరివిడి_మూడో_ఏడు:
బొమ్మలకైతే 1983లో హెన్నెకే అనే ఆయన పెట్టిన కొలత ఉంది. గుర్రం ఎంత బక్కగా, ఎంత లావుగా ఉందో ఒకటి నుంచి తొమ్మిది అంకెల్లో. పక్కటెముకల మీద, తోక మొదట్లో, మెడ మీద చేత్తో తడిమి అంకె వెయ్యాలి. చదువు అక్కర్లేదు.

మొదటి పేజీలో మాత్రం గ్లాండర్స్ అనే అంటుజబ్బు పెట్టండి. ముక్కు కారుతూ, చర్మం మీద గడ్డలు కట్టి పుండ్లు పడితే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. అది మనుషులకూ వస్తుంది. పశువుల అంటువ్యాధుల మీద 2009లో వచ్చిన చట్టం ప్రకారం అధికారులకు చెప్పి తీరాలి. చెప్తే గుర్రాన్ని తీసుకుపోతారని దాస్తారు, సాయీసుకి అంటుకుంటుంది. తర్వాతి పేజీలో ధనుర్వాతం టీకా.

రుషికొండ_రౌతు:
నేను పూర్తిగా ఒప్పుకోను. రాసేది ఎవరు? మూడో ఏడు కుర్రాడొకడు, గుర్రం లేని పాఠకుడొకరు. తప్పు రాస్తే? ఇంగ్లీషు పుస్తకంలో తప్పుంటే వంద మంది డాక్టర్లు పట్టుకుంటారు. మనం రాసినదాంట్లో తప్పుంటే గుర్రం చచ్చాక తెలుస్తుంది. కాబట్టి గిట్టల పుస్తకం ఒకటి కొంటాను, దానికి ఉచితంగా సరైనది దొరకలేదు. మిగతా డబ్బు తెలుగుదానికి. ప్రతి పేజీ గుర్రాలు చూసే డాక్టరు ఒకరు చూసి సంతకం పెట్టాకే బయటికి. వారికి ఫీజు కూడా అందులోంచే.

ఉలవగుగ్గిళ్లు:
థర్మామీటర్లు?

రుషికొండ_రౌతు:
సరే, థర్మామీటర్లు కూడా.

బీచిరోడ్డు_పాతకాపు:
గిట్టల పుస్తకం నా దగ్గర పెట్టండి. లాడాలు కొట్టేవోడు నెలన్నరకి ఒకసారి వస్తాడు, బొమ్మలు చూపించి కొట్టిస్తాను.

గరివిడి_మూడో_ఏడు:
బాబాయ్, మీ గుర్రాలు మేత ఎక్కడ తింటాయి? నేల మీదేనా, ఇసుకలో?

బీచిరోడ్డు_పాతకాపు:
ఇసుకలోనే. బీచి కదా.

గరివిడి_మూడో_ఏడు:
అయితే ఒక పని చెయ్యండి. నేలకు తగలని పేడ, లద్దె మధ్యలోంచి రెండు గుప్పెళ్లు తీసి గాజు సీసాలో నీళ్లు పోసి బాగా కలపండి. అరగంట కదపకుండా పెట్టండి. అడుగున ఏం దిగిందో చూడండి. ఏమీ దిగకపోయినా లోపల ఇసుక లేదని కాదు, దిగితే మాత్రం ఉన్నట్టే. పేగుల్లో ఇసుక పేరుకుంటే అదే కడుపునొప్పి అవుతుంది. ఇక నుంచి మేత తొట్టిలోనో గోనె మీదనో వెయ్యండి.

బీచిరోడ్డు_పాతకాపు:
పొద్దున్న ఐదింటికి చేశాను. రెండు గుర్రాలకీ. ఒకదానికి మెతుకంత. రెండోదానికి సీసా అడుగున వేలు మందం దిగింది, బీచిలో ఉన్న ఇసుకే. ఇసబ్గోల్ పెట్టమని ఎవరో అన్నారు. పూర్ణామార్కెట్లో కిలో ఎంతుంటాది, రోజుకి ఎంత పెట్టాల?

గరివిడి_మూడో_ఏడు:
ధర తెలీదు బాబాయ్. ఎంత పెట్టాలన్నది గుర్రాన్ని చూడకుండా నేను చెప్పను. ఇసబ్గోల్‌తో పాటు ఎప్సం లవణం కూడా గొట్టంతో పోస్తే ఇసుక బాగా దిగుతుంది, ఆ గొట్టం డాక్టరే వెయ్యాలి. ఇవాళే పిలవండి. సీసా పారబొయ్యకండి, ఆయనకి చూపించాలి.